సిలికాన్ నలభై ఎనిమిది

నాడియా హ్రిచుక్ ల్యాబ్ రిపోర్టు పట్టుకుని ధాన్యం గోదాము ఆఫీసులోకి వచ్చేసరికి, రిటైరైన మెకానిక్ ఏబ్ టీసెన్ కాఫీ కప్పుతో కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కెనడాలోని సస్కాచువన్ అంతా గోధుమ కోతకు సిద్ధంగా ఉంది. ఏబ్ కోతలకు మాత్రం ఏడాది పొడుగునా సీజనే.

నాడియాకి గుబులుగా ఉంది. శనివారం వానంటున్నారు. రేపు పొద్దున్నే పొలంలో దిగాలి. కోత మిషన్ ఇంజిన్ ఆయిల్ పరీక్షకి పంపితే, ఒక్క అంకె చుట్టూ ఎర్ర గీత గీసి పంపారు.

"రిపోర్టులు దేనికమ్మాయ్, నా ముక్కుండగా!" అన్నాడు ఏబ్. "ఒకసారి పక్క పొలం ట్రాక్టర్ ఆయిల్ వాసన చూసి, రేడియేటర్ నీళ్లు లోపలికి కారుతున్నాయన్నా. తొమ్మిది రోజులకి ల్యాబు వాళ్లూ అదే రాశారు."

"అంతవరకూ నిజమే," అన్నాడు గోదాము చూసుకునే డెల్మర్. "ఆ ట్రాక్టర్ మాదే."

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ల్యాబు వాళ్లు శాంపిల్ని మిషన్లో పెట్టేముందు నాకే ఫోన్ చేసేవాళ్లు. ఫోన్‌లోనే వాసన పట్టి, దుమ్ము ఏ రోడ్డుదో, ఏ మలుపు దగ్గర లేచిందో చెప్పేవాణ్ణి!"

"ఫోన్‌లోనా?" అన్నాడు డెల్మర్.

"అప్పటి ఫోన్లు గట్టివయ్యా. ఇంకా విను. నూటపది పెట్టెల గూడ్సు పోతుంటే నా టోపీ మీద ఒక్క నూనె చుక్క పడింది. నాలిక్కి రాసుకున్నా. నాలుగో బేరింగు పోతోంది! పరిగెత్తి ఇంజిన్‌ని దాటి, చెయ్యి అడ్డం పెట్టి ఆపేశా. విప్పి చూస్తే బేరింగు ఉల్లిపొరలా ఉంది. చివరికి ల్యాబు మిషనే జబ్బు పడితే, దాని నూనె వాసన చూసి దానికి మందు చెప్పింది కూడా నేనే!"

నాడియాకి నవ్వొచ్చింది గానీ, గుబులు తగ్గలేదు. "సరే పెద్దాయనా, నాది చెప్పండి. సిలికాన్ నలభై ఎనిమిది. పోయినేడు తొమ్మిదే."

ఏబ్ కళ్లు మూసుకున్నాడు. "దుమ్ము! సిలికానంటే ఇసకేగా, లోపలికి దూరింది. ఇంజిన్ విప్పెయ్. రేపు కోత మాట మర్చిపో."

విప్పితే పది రోజులు. కానీ నాడియాకి ఒక్కటి అంతుపట్టలేదు.

"ఇసక దూరితే లోపల ఇనుము అరగదా?"

"అరగకపోవడమేంటి? గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే!"

"మరి నా రిపోర్టులో ఇనుము పధ్నాలుగే. పోయినేడు పదిహేను. అల్యూమినియం అంతే ఉంది. నడిచిన గంటలూ ఇంచుమించు అంతే. పొద్దున ఎయిర్ ఫిల్టర్ వెనక గొట్టంలో వేలు పెట్టి చూశా, దుమ్ము అంటలేదు."

ఏబ్ కప్పు కింద పెట్టాడు.

"జూన్‌లో ఇంజిన్ గాస్కెట్ మార్చాం," నాడియా మెల్లగా, తనకి తానే చెప్పుకుంటున్నట్టు అంది. "నూనె కారకుండా దానికి సిలికాన్ పేస్టు రాశాం. అదే ఆయిల్లో కలుస్తోందేమో?"

డెల్మర్ ల్యాబుకి ఫోన్ కలిపి ఇచ్చాడు. అవతల అమ్మాయి అంతా విని, కొత్త గాస్కెట్‌కి అది మామూలేననీ, ఇనుము పెరగలేదు గనక ఆయిల్ మార్చి నడుపుకోవచ్చనీ, యాభై గంటలయ్యాక మళ్లీ శాంపిల్ పంపమనీ చెప్పింది.

"ఏం ఏబ్?" డెల్మర్ పగలబడి నవ్వాడు. "గూడ్సు బండినే ఆపావు గానీ, నాడియా కోత ఆపలేకపోయావే!"

ఏబ్ కుర్చీ ముందుకు జరుపుకుని, రిపోర్టు వైపు మెడ సాచాడు.

"అది సరే గానీ అమ్మాయ్... పోయినేటి అంకెలు ఇందులో ఎక్కడుంటాయి?"