కిటికీలో నీళ్ల పళ్లెం

బడి వదిలేశాక ఖాళీ తరగతి గదిలో టీచరమ్మ, రాళ్ల క్వారీలో మందు పేల్చే ఆమె అన్న. ఎన్నిసార్లు రమ్మన్నా ఈ గుమ్మం తొక్కనివాడు ఇవాళ పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు.

“అందర్నీ అంటే అందర్నీ. రేపు క్వారీకి ఆయాని కూడా తీసుకురా.”

“ఆయా ఎందుకన్నయ్యా? ఆవిడక్కూడా రాళ్ల పాఠం చెప్పాలా?”

“వస్తే ఏం పోయింది? ఓనరు బస్సు పంపిస్తున్నాడుగా.”

“అదే నాకు మింగుడుపడట్లేదు. పిల్లలకి పర్యావరణం పాఠం చెప్పుకోవాలి, ఒక్కసారి క్వారీ చూడనివ్వండి అని ఏడాదిగా కాళ్లరిగేలా తిరిగాను. గేటు కూడా దాటనివ్వలేదు. ఇప్పుడు బస్సా?”

“మనసు మారిందేమో.”

“మీ ఓనరుకా?”

“అబ్బ, వదిలెయ్యవే. అవతలి కొసన పాత గుంత చూపిస్తాం. పదింటికల్లా బడి ఖాళీ అయిపోవాలి.”

“ఖాళీ అవడమేంటి?”

“అంటే... బయల్దేరాలని. కిటికీలో ఆ పళ్లెమేంటి?”

“అదీ పాఠమే. మీరు పేల్చినప్పుడల్లా అందులో నీళ్లు వణుకుతాయి. సైరన్ మోగడం ఆలస్యం, పిల్లలు దాని చుట్టూ మూగుతారు.”

“బాగుంది.”

“వారం నుంచి సైరన్ లేకుండానే వణుకుతున్నాయి.”

“లారీలు తిరుగుతుంటాయిగా.”

“రోడ్డు వైపు గదిలోనూ ఒక పళ్లెం పెట్టాం. అది కదలట్లేదు. క్వారీ గుట్ట వైపున్న ఇదొక్కటే వణుకుతోంది. ఒక పిల్ల నేలకి చెవి ఆనించి, కింద ఎవరో తొలుస్తున్నారు టీచర్ అంది.”

“పిల్లలన్నాక ఏదో ఒకటి అంటారు.”

“అన్నయ్యా, ఇటు చూడు. బడి కింద డ్రిల్లింగ్ చేస్తున్నారా?”

“నన్నడక్కు.”

“నిన్ను కాక ఎవర్నడగను?”

“కింద మంచి రాయుందటమ్మా. గోడలు బీటలిస్తే ఇక్కడ బడి నడపనివ్వరు. స్థలం ఓనరు చేతికొస్తుంది. ఎవరికీ దెబ్బ తగలకూడదనే బస్సు. దానికీ నేను పోరు పెడితేనే ఒప్పుకున్నాడు.”

“మందు కూరేశారా?”

“పొద్దున్నే కూరతాం.”

“నువ్వూ ఈ గదిలోనే చదువుకున్నావు.”

“నేను కాదంటే ఇంకొకణ్ణి పెడతాడు. వాడు బస్సు సంగతి కూడా ఎత్తడు. నా మాట విను.”

“సరే. పిల్లలందరూ బస్సెక్కుతారు. ఆయా కూడా.”

“హమ్మయ్య. నా తల్లివి కదూ.”

“నేను మాత్రం ఈ కిటికీ దగ్గరే కూర్చుని నీళ్లు చూస్తుంటాను. రేపు స్విచ్ నొక్కేది నువ్వే కదా, అన్నయ్యా?”