ముందస్తు నోటీసు

ఎదురింటి ముందు లారీ ఆగి ఉంది. కిటికీ పరదా చాటునుంచి ఆమె బాలల సంరక్షణ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"సార్, తండ్రి వాతలు పెడుతున్నాడని చెప్పానే, ఆ పిల్లని తీసుకుని ఇల్లు ఖాళీ చేస్తున్నాడు. వెంటనే రండి!"

"మంగళవారం తనిఖీకి వస్తున్నాం కదమ్మా."

"అప్పటికి ఎవరుంటారు సార్? అసలు మీరొస్తున్నట్టు వాడికెలా తెలిసింది?"

"ముందుగా నోటీసు పంపాలమ్మా. రూలు."

"నోటీసా! చెప్పి మరీ పట్టుకుంటారా?"

"మీ పేరు మాత్రం ఎక్కడా రాయలేదు లెండి. ఎదురింటివాళ్ళు అని రాశాం, అంతే."

"లారీ కదిలింది సార్. పిల్ల ముందు సీట్లో ఉంది. నాకేసి చూడట్లేదు."

"బండి నంబరు చెప్పండమ్మా, రాసుకుంటాను."

"'ఎవరికైనా చెప్తే నాన్న నన్నెక్కడికో తీసుకుపోతాడత్తా' అని అది ఏడిస్తే, మీరున్నారని నేనే ధైర్యం చెప్పాను సార్."