బండికేసిన మందు

నందికొట్కూరు షెడ్డులో మెకానిక్ మాబాషా, ఒకామె భర్త పోయినాక మూలబడి, ఇప్పుడు ఆమె బాగుకు తెచ్చిన పాత రాజ్‌దూత్ బండికి కుదుపులాపే ముందు ఫోర్కు విప్పి, కారిన నూనెను వేలికి రాసుకుని వాసన చూసినాడు.

“అక్కా, ఇది ఫోర్కు ఆయిల్ కాదు. వంటకేసే బుడ్డల నూనె!”

“నిజమాప్పా? వంటింట్లో నూనె తగ్గిందంటే, పిల్లి ఒలకబోసిందనేటోడు మా ఆయన.”

“దీనికే సీళ్లు పాడైనాయి. ఎందుకు పోసినాడక్కా?”

“నేను నిండు చూలాలిగా ఉన్నప్పుడు, ‘కుదుపు తగలకుండా బండికి మందేసినా, ఎక్కు’ అన్నాడు. ఆ మందు ఇదేనేమో! అప్పుట్నించి మానినట్టు లేడు.”

మాబాషా కొత్త సీళ్లేసి, అసలు ఆయిల్ పోసినాడు.

“ఎక్కి చూడక్కా. ఇంక కుదుపుండదు.”

ఆమె అలవాటుగా వెనక సీటు మీద కూసుని, ముందున్న ఖాళీ సీటును నిమిరింది.

“అప్పుడు గూడా కుదుపు లేకుండెనప్పా.”