కదలని కారుకి రోజూ చార్జింగు

మధ్యాహ్నం. ఆఫీసు సెల్లారులో చార్జింగు పాయింట్ల ముందు ఇద్దరు నిలబడ్డారు. ఒకడు ఆ భవనం బాగోగులు చూసే ఉద్యోగి. పొద్దుటి నుంచి ఫిర్యాదులు విని విని తల వేడెక్కి ఉన్నాడు. రెండోవాడు పై అంతస్తులో పనిచేసే అతని అక్క మొగుడు. ఈ చుట్టరికం ఆఫీసులో ఎవరికీ తెలియదని ఇద్దరి నమ్మకం. తెలియనిది సెల్లారులో తిరిగే పిల్లికి ఒక్కదానికే.

"అది కాదు సార్, నేనడిగేదానికీ మీరు చెప్పేదానికీ ఏమైనా పొంతన ఉందా?"

"సార్ ఏంట్రా?"

"ఆఫీసులో బావా అని పిలవొద్దన్నది మీరే కదా."

"ఇక్కడెవరున్నారు, ఆ పిల్లి తప్ప."

"సరే, బావా. మళ్ళీ అడుగుతున్నా. మీ ఇల్లు ఇక్కడికి కూతవేటు దూరం. నడిచొచ్చినా చెమట పట్టదు. అలాంటిది రోజూ అందరికంటే ముందొచ్చి, పాయింటు పట్టేసి, నిండా ఎక్కించుకుని పోతావు. మర్నాడు చూస్తే మళ్ళీ సగానికి పడిపోయి ఉంటుంది. ఎటు పోతోందీ కరెంటంతా?"

"బ్యాటరీ పాతబడిందేమోరా."

"మొన్నేగా కొన్నావు. షోరూమ్ నుంచి నీ పక్కన కూర్చుని వచ్చింది నేనే."

"అయితే ఏసీ ఎక్కువ వాడుతున్నానేమో."

"ఇంత దూరానికా? ఏసీ చల్లబడేలోపు మీ గేటు వచ్చేస్తుంది."

"ట్రాఫిక్కు ఉంటుంది కదా."

"నా చెవిలో పువ్వులు పెట్టకు బావా. నాకిక్కడ తల ప్రాణం తోకకొస్తోంది. అకౌంట్స్ మేడమ్ ఊరవతల నుంచి వస్తుంది. నిన్న ఆవిడకి పాయింటు దొరకలేదు. సాయంత్రం సగం దారిలో కారు ఆగిపోతే, లాగే బండి వచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడిందట. పొద్దున వచ్చి నన్ను అడగాల్సినవన్నీ అడిగింది. నేను తల దించుకుని విన్నాను. ఎందుకు? నీ నీలం కారు వల్ల."

"ఆవిడకి నేను క్షమాపణ చెబుతాలే."

"క్షమాపణతో కారు నడుస్తుందా? నిండిన కారు తీసేయమని బోర్డు పెట్టాం, మెయిలు పెట్టాం, నోటితో చెప్పాం. ఉద్యోగులకని కంపెనీ ఇచ్చిన సదుపాయం ఇది. ఇది రావడానికి నేను ఎంతమంది చుట్టూ తిరిగానో నీకు తెలుసు. ఇప్పుడు పెద్దాయన ఏమంటున్నాడో తెలుసా? ఉచితంగా ఇస్తే ఇంతే, మొత్తానికే పీకేద్దాం అంటున్నాడు."

"పీకేయడమేంటి? అలా ఎలా పీకేస్తారు?"

"అదిగో, ఇప్పుడు మాత్రం ఉలిక్కిపడ్డావు."

"ఉలిక్కిపడక? ఇంటి దగ్గర పెట్టుకోడానికి లేదురా. సెల్లారులో ప్లగ్గు పెడతానంటే మా అపార్ట్‌మెంట్ సంఘంవాళ్ళు గొడవకొచ్చారు. నాకు ఇదొక్కటే ఆధారం."

"దేనికి ఆధారం? అదే అడుగుతున్నా. తిరిగేవాడికి ఆధారం అంటే అర్థముంది. నువ్వు తిరగట్లేదు."

"తిరగట్లేదని నీకెవరు చెప్పారు?"

"కిలోమీటర్లు చూశాను."

"నా కార్లోకి తొంగి చూశావా?"

"చూశాను. నిన్న నువ్వు దిగుతుంటే పక్కనే ఉన్నాగా. అంతకుముందు ఓసారీ చూశాను. రెంటికీ తేడా పెద్దగా లేదు. రాత్రుళ్ళు కిరాయికి తిప్పుతున్నావేమో అనుకున్నా మొదట. అదీ కాదు. కారు కదలట్లేదు. కరెంటు మాత్రం తాగుతోంది."

"మీ ఇంటికి రంగులు వేయడం అయిందా?"

"మాట మార్చకు."

"ఊరికే అడిగానులేరా."

"అయింది. అంటే, అయినట్టే. కిటికీలకి ఇంకో చెయ్యి వేయాలి. ఆ వాసన ఇంకా పోలేదు బావా, అమ్మకి అసలే పడదు కదా."

"ఇంకా పోలేదా?"

"పోతుంది. పోగానే మీ ఇంటికొచ్చి తీసుకెళ్తా. అమ్మ బాగానే ఉందిగా?"

"మీ అక్కనడుగు."

"అడిగాను. బాగానే ఉందంది."

"అయితే బాగున్నట్టే."

"ఈ ఆదివారం వద్దామనుకున్నా, ఇక్కడే పనిపడింది. వచ్చేవారం చూస్తా. సరే, అదలా ఉంచు. కారు సంగతి... ఎవరది, ఫోను?"

"ఒక్క నిమిషం. హలో. ఆ, చెప్పు. పడుకుందా? హమ్మయ్య. అయితే నువ్వూ పడుకో. గిన్నెల సంగతి తర్వాత చూడొచ్చు, ముందు నువ్వు పడుకో. ఆ, నిండుతోంది. ఇంకాసేపట్లో అయిపోతుంది. రాత్రికి ఢోకా లేదు. లేదు, ఎవరూ ఏమీ అనలేదు. పెట్టేస్తున్నా."

"ఎవరు బావా?"

"ఎవరో ఒకరులే."

"రాత్రికి ఢోకా లేదా?"

"నువ్వు విన్నది నీతో అన్నది కాదు."

"పడుకుందా అన్నావు. ఎవరు పడుకుంది? బావా, ఇటు చూడు. నావైపు చూసి చెప్పు. ఎవరు పడుకుంది?"

"నీకు పనేం లేదా?"

"ఇదే నా పని. ఆఫీసు కరెంటు గురించి అడగడం నా పని. మా అక్క గురించి అడగడం అంతకంటే ముందు పని. దగ్గర్లోనే ఎవరింటికో పోతున్నావు, అంతేనా? అందుకే కిలోమీటర్లు పెరగట్లేదు. అక్కడ కారాపి..."

"నోరు అదుపులో పెట్టుకో."

"కారాపి ఏసీ వేసుకుని కూర్చుంటున్నావు. లోపలికి పోతే నలుగురూ చూస్తారని. కాదని చెప్పు."

"కాదు."

"మరి కార్లో ఎవరూ ఉండట్లేదా రాత్రిపూట?"

"రాత్రిపూటంటే... అదీ..."

"ఏం నీళ్ళు నములుతావు? ఉంటున్నారా, లేదా?"

"ఉంటున్నారు."

"ఆడమనిషా?"

"వదిలేయ్‌రా. దండం పెడతా, వదిలేయ్."

"ఆడమనిషే! నిన్ను అన్నలా చూసుకున్నాను బావా. నీమీద ఫిర్యాదులన్నీ నా నెత్తిన వేసుకున్నా. మా బావ అలాంటివాడు కాదని నాకు నేనే చెప్పుకున్నా. అక్కకి తెలుసా?"

"తెలుసు."

"తెలుసా? తెలిసీ ఊరుకుందా?"

"నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది కూడా."

"నాకెందుకు చెప్పొద్దంది? నేనొచ్చి నీ కాళ్ళు విరగ్గొడతానని భయమా? సరే. నువ్వేం చెప్పకు. నా చేతిలో ఉన్నది నేను చేస్తా. నీ చార్జింగు కార్డు ఇవాళే ఆపేస్తున్నా. ఇప్పుడే ఈ వైరు పీకి అకౌంట్స్ మేడమ్ కారుకి పెడతా."

"దాని మీద చెయ్యి వేయకు."

"వేస్తా."

"ఇవాళ్టికి వదిలేయ్‌రా. నిండా అక్కర్లేదు, ఇంకొంచెం ఎక్కనీ. రేపటి నుంచి నీ ఇష్టం."

"ఆవిడ మీద అంత ప్రేముందన్నమాట."

"ఉంది."

"సిగ్గు లేకుండా ఉందంటున్నావు."

"ఉందిరా. పెళ్ళైన దగ్గర్నుంచీ ఉంది. ఆ కార్లో పడుకునేది మీ అక్క."

"ఏంటీ?"

"మీ అక్క. రాత్రి మా అపార్ట్‌మెంట్ సెల్లారులోకి దిగి, కారు తలుపులు లోపల్నుంచి లాక్ చేసుకుని, సీటు వెనక్కి వాల్చుకుని పడుకుంటుంది. అద్దాలెత్తితేనే శబ్దం వినపడదు. అద్దాలెత్తితే ఊపిరాడదు. అందుకే ఏసీ. చాలా, ఇంకేమైనా అడుగుతావా?"

"అక్క సెల్లారులో పడుకోవడమేంటి? మీరిద్దరూ గొడవపడ్డారా?"

"గొడవపడే ఓపిక ఎవరికుంది? సగం రాత్రి అది పడుకుంటుంది, నేను పైన ఉంటా. తర్వాత నేను దిగి పడుకుంటా, అది పైకి పోతుంది. మాకున్నవి రెండు గదులు. ఏ గదిలో తలుపేసుకున్నా ఆ తలుపే కొడుతుంది."

"ఎవరు?"

"ఇంకెవర్రా. మీ అమ్మ."

"అమ్మా?"

"చీకటి పడితే మనిషి మనిషిలా ఉండదు. ఓ గంట పడుకుంటుంది, లేస్తుంది, గొళ్ళాలన్నీ లాగుతుంది, అలమారాలు తీస్తుంది. మంచం కింద టార్చి వేసి చూస్తుంది. లైట్లు ఆపనివ్వదు. పొద్దున మామూలే. కాఫీ అడుగుతుంది, పేపరు చదువుతుంది. ఇప్పుడు ఫోనులో పడుకుందా అన్నది ఆవిడ గురించే."

"నాకెందుకు చెప్పలేదు? ఒక్క మాట చెప్పొచ్చుగా."

"మీ అక్క చెప్పనిస్తే కదా. వాడు పిల్లలతో, ఉద్యోగంతో సతమతమవుతున్నాడు, వింటే బెంగపెట్టుకుంటాడు, రంగులు అయిపోగానే ఎలాగూ తీసుకెళ్తాడు అంది. ఆ రంగులేమో ఎండవు, ఆ వాసనేమో పోదు. నిన్న ఆఫీసులో కుర్చీలో నిద్రపోయాను. మా టీమ్ లీడరు వచ్చి భుజం తట్టి లేపాడు. నాకంటే చిన్నవాడు."

"నా మీద పడి లాభం లేదు బావా. నిజంగా నాకు తెలియదు. నా దగ్గరున్నన్నాళ్ళూ అమ్మ ఇలా లేదు. ఒట్టు. పడుకుంటే తెల్లారేదాకా లేచేది కాదు. కావాలంటే మా ఆవిడనడుగు. అక్కడ లేనిది ఇక్కడెందుకు వచ్చింది?"

"ఎందుకొచ్చిందా? అక్కడ నువ్వు కళ్ళెదురుగా ఉండేవాడివిరా. ఇక్కడ రాత్రంతా తలుపు తలుపూ తీసి వెతికేది నిన్నే."