పడుకోనివ్వని మట్టి సత్రం

కూచున్నోని చింత యాడుందో మీకందరికీ తెలుసు కదప్పా, అడవి మొదట్లో, శ్రీశైలం పోయే కాలిబాట పక్కన. గొర్రెలు గూడా దాని నీడకు పోవు. గొర్రెల కారణాలు గొర్రెలకుంటాయి, మనుషులు ఎందుకు పోరో నేను చెప్తా. ఇట్ల దగ్గరికి జరుగు, ఆ ఫోను పక్కన పెట్టు, ఇది దాంట్లో దొరకదు.

మా తాత కాలంలో మద్దిలేటి అని ఒకాయన ఉండె, మట్టిగోడలు పెట్టేవాడు. తల్లి చిన్నప్పుడే పోతే అక్క సుంకమ్మే సాకింది ఆయన్ను. ఆ అక్క ఒక ఉగాదికి కొండకు నడుచుకుంటా పోయి, ఎండకు ఆకు రాల్చిన ఆ అడవిలో సొమ్మసిల్లి పడి, ఇంగ లేయలేదు. తోడు పోయినోళ్లు బాట పక్కనే పూడ్చిపెట్టినారు. తిరిగొచ్చేటప్పుడు ఆ చోటు యాడో వాళ్లే గుర్తుపట్టలేకపోయినారు, ఆమె మూట మాత్రం తెచ్చిచ్చినారు. మద్దిలేటి ఆ మూట పట్టుకోని రెండు దినాలు ఏడ్చి, మూడో దినం లేచి, వచ్చే ఉగాదికి ఆ బాటలో నడిచేవాళ్లకు ఒళ్లు వాల్చే చోటొకటి కడతానన్నాడంట.

కట్టడమంటే రాయీ సున్నమూ ఆయన చేతిలో యాడివి? ఉండేది మట్టే. చింత కింద నిద్ర మంచిది కాదంటారు కాబట్టి చింతకు కొంచెం ఎడంగా చోటు చూసుకున్నాడు. తలుపు పెట్టలేదు, తలుపుంటే ఎవడో ఒకడు గడియ పెడతాడని. మూడు పక్కల గోడ, కొండ వైపు మాత్రం తెరిచిపెట్టినాడు. లోపల పండుకోవడానికి మట్టి అరుగులు, తలకాడ నాలుగు వేళ్లు ఎత్తు, నడిచొచ్చేవాళ్లు దిండు తెచ్చుకోరు కదా పాపం. కొలతకు తానే నేల మీద ఎల్లకిలా పండుకోని, పెండ్లాం తిమ్మక్కతో తలకాడా కాళ్లకాడా బొగ్గుతో గీత గీయించుకున్నాడు. పండుకున్నోని ముఖానికి గాలి తగిలేటట్ల గోడల్లో కంతలు గూడా పెట్టినాడు. ఇప్పుడు కట్టినారే మన బస్టాండు, దాంట్లో కూచుంటే వీపు కాలుతుంది, అది కట్టినోడు ఒక్కసారన్నా దాంట్లో కూచున్నాడా?

గోడలకు వాగు మట్టి తట్టలతో మోసినాడు, ఒక వరుస పెట్టి, అది ఆరినాంక ఇంకో వరుస. అరుగులకు మాత్రం ఇంకా మెత్తటి మట్టి కావాల. మన నేల మీకు తెలుసు, గడ్డపార వేస్తే నిప్పులు రాల్తాయి. అట్లాంటి నేలలో, ఆ చింత పక్కనే, మనిషి మునిగేంత లోతున మెత్తటి మట్టి దొరికింది, గులకరాయనేది లేదు. దేవుడే చూపించినాడనుకున్నాడు. రాళ్ల నేలలో అంత మట్టి ఎట్లొచ్చిందని అడగాలా వద్దా? అడగలేదు. మధ్యలో తెల్లటి పెళ్లలొస్తే సున్నపుగడ్డలనుకోని తొక్కేసినాడు. నల్లటి నున్నటి రాయి ఒకటి దొరికితే తిమ్మక్కకు ఇచ్చినాడు, ఆమె దాంతోనే అరుగులన్నీ రుద్ది రుద్ది నున్నగా చేసింది.

ఉగాది ముందర కన్నడదేశం వాళ్లు గుంపులుగా రానే వచ్చినారు. ఎండలో పడొచ్చి, సత్రం చూసి మద్దిలేటికి దండం పెట్టి, అరుగుల మీద వాలినారు. ఆయన సంతోషంగా వాగుకు పోయి, నీళ్లు తెచ్చి చూస్తే ఏముంది? పదకొండు మందీ బాసింపట్టు వేసుకోని కూచోని నిద్రపోతాండారు, ముఖాలు కొండ వైపు, ఎడమ చెయ్యి ఒళ్లో తెరిచిపెట్టుకోని. లేచినాంక ఒక్కనికీ తెలియదు తానెప్పుడు లేచి కూచున్నాడో. నడుములు పట్టుకోని, వచ్చినప్పటికంటే అలిసిపోయి నడిచిపోయినారు. మర్నాడొచ్చిన గుంపూ అంతే. మూడో దినం ఒక ముసలామె సత్రం దిగి నాలుగడుగులేసి కూలబడితే, మద్దిలేటి ఉరికిపోయి ముఖాన నీళ్లు చల్లి లేపినాడు. అక్క పడినట్ల పడకూడదని కట్టిన చోటే మనిషిని పడేస్తాంది కదా.

ఆ ముసలామె మొగుడు గురుశాంతప్ప, తిమ్మక్క చేతిలో నల్లరాయి చూసి లేచి నిలబడి చేతులు జోడించినాడంట. ఇది రుద్దుడురాయి కాదమ్మా, మెడలో కట్టుకునే లింగం, మా లింగాయతుల్లో మనిషి పోతే కూచోబెట్టి పూడ్చి ఎడమ చేతిలో ఇది పెడతాం, రాళ్లు తగలకుండా వాగు నుంచి మెత్తటి మట్టి ఏరి తెచ్చి కప్పుతాం, ఇది మీకు యాడ దొరికింది అన్నాడు.

మద్దిలేటి చూపు చింత పక్క గుంత మీదికి పోతే, ముసలాయనకు అర్థమైపోయింది.

గుంపు కదిలిపోయినాంక మద్దిలేటి నిచ్చెన వేసుకోని కప్పు మీది గడ్డి పీకను మొదలుపెట్టినాడు. తిమ్మక్కకు పిచ్చి కోపమొచ్చింది, నలభై దినాలు నెత్తిన మోసి కట్టింది ఒక్క పూటలో పీకుతావా అని. మా అక్కను గూడా ఎవడో ఇట్లే తవ్వి అరుగేసుకోనుంటే ఏం చేస్తావే అన్నాడాయన. అది విని ఆమె తానే కప్పు తాళ్లు ఇప్పింది. లింగాన్ని అరుగు మధ్యలో పెట్టి వచ్చేసినారు. కప్పు లేని మట్టి ఎంతసేపు నిలుస్తుంది? తొలకరికి అరుగులు కరిగి ఆ నేల మీదికే జారినాయి, ఆ ఏటి వానలకు గోడలూ నేల పట్టినాయి.

మద్దిలేటి ఇంకో రెండు మైళ్లు ముందర మళ్లా సత్రం కట్టినాడు, ఈసారి అంతా వాగు మట్టే. అందరూ హాయిగా నిద్రపోయినారు దాంట్లో. ఆయనొక్కడే కూచోని నిద్రపోయేవాడు. యాడ పండుకున్నా, సొంత ఇంట్లో మంచం మీద గూడా, లేచేసరికి కూచోనే ఉండేవాడు. ఆ మట్టి తొక్కింది ఆయన కాళ్లే కదా. ఆయన పోయిననాడు పాడె మీద పండబెడితే నిలవలేదు, మూడుసార్లు పండబెట్టి మూడుసార్లూ భయపడి, ఆఖరికి కూచోబెట్టే పూడ్చినారు.

కూచున్న మనిషి మునిగేంత ఆ గుంత తవ్వినోళ్లల్లో మా నాయన ఒకడు. రెండు గడ్డపారలు వంగిపోయినాయంట. కాబట్టి కాళ్లు నొప్పంటే ఇంకో మైలు నడవండి గానీ ఆ చింత కాడ మాత్రం నడుం వాల్చొద్దు. పోయి వాలినారంటే మిమ్మల్ని నేనేమీ అనను, కానీ అంత లోతు గుంత తవ్వే ఓపిక ఈ ఊళ్లో ఇప్పుడు ఎవనికీ లేదు.