కాస్త పక్కకు జరుగు

అమ్మ పోయి తొమ్మిదో రోజు. గోడకు పెట్టే ఫొటో కోసం కూతురు కంప్యూటర్ ముందు కూర్చుంది. తండ్రి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ వెనకాల నిలబడ్డాడు.

"ఇదెక్కడ నాన్నా?"

"ఖడ్గమృగాల అడవి. మూడేళ్ల కిందట సెలవులకి నేనూ అమ్మా వెళ్లాం కదా. జీపులో మూడు గంటలు ఊపిరి బిగబట్టి కూర్చుంటే ఒక్కటి బయటికొచ్చింది."

"దానివే ఎనభై ఫొటోలున్నాయి. అమ్మది ఒక్కటీ లేదు."

"కొంగల సరస్సు దగ్గర ఉంటుంది, చూడమ్మా."

"చూశాను. పన్నెండు దేశాల అడవుల ఫొటోలూ చూశాను. ఆగు... ఈ ఏనుగు పిల్ల పక్కన, మూలకి కనిపిస్తున్న చెయ్యి ఎవరిది? ఆ గాజులు అమ్మవి కదూ?"

ఆయన కళ్ళద్దాలు సవరించుకుని ముందుకు వంగాడు.

"అమ్మదే. అడ్డొస్తోందని కాస్త పక్కకు జరగమన్నాను."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. నవ్వి జరిగింది. ఎగిరిపోతోందని నా టోపీ కూడా తనే పట్టుకుంది."

"ఒక్కసారైనా కెమెరా అమ్మ వైపు తిప్పాలనిపించలేదా నాన్నా?"

ఆయన తెరమీది ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు.

"ఆ జంతువులు రెప్పపాటులో మాయమైపోతాయి తల్లీ. మీ అమ్మ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను."