చచ్చిన కెప్టెన్ నవ్వుకుంటూ దిగాడు

మునిరాజుకు కోపం వచ్చిందంటే ముందు చల్లారేది ఆయన టీయే. ఆ ఆదివారం సాయంత్రం బొమ్మనహళ్ళిలో లింగన్న టీకొట్టు బెంచీ మీద ఆయన గ్లాసు మీగడ కట్టిపోయింది. గార్మెంట్స్‌లో కటింగ్ మాస్టరు, నలభై దాటిన మనిషి, చేతిలో కాగితం పట్టుకుని ఊగిపోతున్నాడు. పన్నెండేళ్ళ కిందట దూరదర్శన్‌లో వచ్చి ఆగిపోయిన 'ధ్రువయాన్' సీరియల్ని ఆ పొద్దున ఏదో కొత్త చానెల్ మళ్ళీ మొదలుపెట్టింది. పెడితే పెట్టారు, ఎప్పుడో చచ్చిపోయిన కెప్టెన్ విభాకర్ మొదటి సీనులోనే నవ్వుకుంటూ అంతరిక్ష నౌక దిగాడు. మునిరాజు అప్పటికప్పుడు కాగితం తీసి పైన చానెల్ పేరు రాశాడు.

“చచ్చినోడు ఎట్ల దిగుతాడప్పా? సిగ్గుండాదా వీళ్ళకి? ఈ కాగితం మింద యాభై సంతకాలు కావల్ల. చానెలోళ్ళకి పంపిస్తా. సీరియల్ నిలపల్ల, అంతే!”

“ఆయన చచ్చింది నువ్వు చూసినావా అన్నా?” అన్నాడు పక్కనే బన్ను తింటున్న రియాజ్. వాడిదీ అదే ఫ్యాక్టరీ.

“చూసినావా అంటాడే! రేయ్, ఆ సీరియల్ నడిచిందే నా చేతుల మింద. మా వీధికంతా ఒకటే టీవీ, పౌలు మేష్టారింట్లో. గాలికి యాంటెనా తిరిగిపోతాండె. నేను మిద్దెక్కి పట్టుకుంటే బొమ్మ నిలుస్తాండె, ఇంకెవురు పట్టుకున్నా చుక్కలే. ఒకనాడు రవ్వంత ఎక్కువ తిప్పితే మద్రాసు వచ్చె. ఇంకా తిప్పితే సింహళం వచ్చె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆకాశంలో రాకెట్టులో తిరుగుతాండే రష్యావోళ్ళు ఇద్దరు మన టీవీలోకి వచ్చి చెయ్యి ఊపిరి!”

“ఏమన్నారన్నా?” లింగన్న నవ్వు ఆపుకుంటూ టీ వడబోశాడు.

“ఏమంటారు, దోవ తప్పినాము, యాంటెనా కొంచెం ఎడమకి తిప్పప్పా అనిరి. తిప్పినా. క్షేమంగా ఇల్లు చేరిరి.”

“తెలుగులోనే అన్నారా?” అన్నాడు రియాజ్.

“కన్నడలో! ఉండేది బెంగళూరులో కదప్పా, మర్యాద తెలిసినోళ్ళు. సుమ్నే, గమ్మున కూర్చోని విను. ఇంక ఆఖరి ఎపిసోడు. వాన, గాలి. యాంటెనా కంబం ఫట్‌మని విరిగె. నేనే కంబమై నిలబడితి. పిడుగు నెత్తిన పడె, వదల్లే. ఆ కరెంటుకి హోసూరు రోడ్డు పొడుగునా టీవీలు ప్లగ్గు పెట్టకుండానే ఆడె. గాలి నన్ను లేపుకోని పోయె, బెళ్ళందూరు చెరువు మింద ఒక చుట్టు, చిక్కపేట మింద ఒక చుట్టు. చీరలంగళ్ళోళ్ళంతా తలలెత్తి చూసిరి. బొమ్మ మాత్రం వణకలే! అప్పుడప్పా, ఈ రెండు కండ్లతో చూసినా. తోకచుక్క భూమి మిందికి వస్తాంటే కెప్టెన్ నౌకని అడ్డం పెట్టి, సెల్యూట్ కొట్టి, పోయె.”

ఆయన గడ్డం తడుముకున్నాడు. “పదకొండు దినాలు గడ్డం గీసుకోలే నేను. ఫ్యాక్టరీలో ఎవురు పోయినారని అడిగితే మా అన్న అని చెప్పినా.” అది మాత్రం కోతలు కొయ్యడం కాదు. ఆ మాట అన్నప్పుడు ఎవరూ నవ్వలేదు.

అంతలో బన్నులు కట్టించుకుంటున్న విజయకుమారి ఇటు తిరిగింది. పౌలు మేష్టారి కూతురు, ఆస్పత్రిలో నర్సు. “మునిరాజన్నా, నువ్వు మిద్దె మీద ఉంటివి. టీవీ కింద మా ఇంట్లో ఉండె. మరి ఏ కండ్లతో చూసినావు?”

బెంచీ అంతా ఘొల్లుమంది. మునిరాజు లేచి నిలబడ్డాడు. “మీ అన్న రాజేశ్ చెప్పలేదామ్మా? కిటికీలోనుంచి అరిచినాడు కదా, కెప్టెన్ చచ్చిపోయినాడు, దిగన్నా అని!”

“ఆ పొద్దు మాకేమీ కనపల్లేదన్నా. అంతా చుక్కలే. పిడుగులు పడతాండె, పిలిస్తే నువ్వు దిగవు. ఏదో ఒకటి చెప్పి దింపరా అని మా నాయన ఏడ్చినంత పని చేసినాడు. సీరియల్ అయిపోయిందంటే నువ్వు నమ్మవని, మా అన్న కెప్టెన్ని చంపేసినాడు. తోకచుక్క కూడా వాని సొంతమే. తర్వాత నీ గడ్డం చూసి నిజం చెప్పేదానికి మాకు నోరు రాలే.”

మునిరాజు మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు. రియాజ్ మెల్లగా అడిగాడు, “అయితే అన్నా, ఒక్క ఎపిసోడూ చూళ్ళేదా?”

“యాంటెనా ఎవురు పట్టుకుంటారురా మరి?” అని కసిరాడు మునిరాజు. “గొంతు వింటాంటి. మొగం ఈ పొద్దునే చూసినా.”

చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. కెప్టెన్ బతికే ఉన్నాడు. ఇన్నేళ్ళూ బతికే ఉన్నాడు. గుండెలో ఏదో బరువు దిగినట్టయింది. దిగిన చోటికే పదకొండు రోజుల గడ్డం, పన్నెండేళ్ళ దుఃఖం గుర్తొచ్చి కోపం మళ్ళీ ఎక్కింది. లింగన్న చెవి మీది పెన్ను లాక్కుని, కాగితం మీద చానెల్ పేరు అడ్డంగా కొట్టేశాడు.

“విజయమ్మా, మీ అన్న రాజేశ్ అడ్రసు చెప్పు.”